డెంగీ తగ్గాక జుట్టు రాలితే: నా అనుభవం

డెంగీ తగ్గి, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయికి వచ్చి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న రెండు మూడు నెలలకు నా జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేది. ఇంట్లో వాళ్ళు నేరం బోరు నీళ్ళ మీద మోపారు. జ్వరం సంగతి ఎవరికీ తట్టలేదు.

చర్మవైద్యురాలు మాత్రం షాంపూ ఊసే ఎత్తకుండా, మూడు నెలల కిందట ఏమైనా జబ్బు చేసిందా అని అడిగారు. ఒక పాయ వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగారు. చేతిలోకి వచ్చిన వెంట్రుకల మొదళ్ళలో తెల్లటి చిన్న గుబ్బలు కనిపించాయి. వేరు ఊడిపోయిందని నేను బెంబేలెత్తితే ఆవిడ నవ్వారు. కుదురు చర్మం లోపలే ఉంటుందట. ఆ గుబ్బ విశ్రాంతి ముగిసిన వెంట్రుకకు గుర్తు.

తల మీద దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్ళు పెరిగి, కొద్ది వారాల్లో ఎదుగుదల ఆపి, సుమారు మూడు నెలలు ఊరికే ఉండి రాలుతుంది. రోజుకు యాభై నుంచి వంద పోవడం మామూలే. తీవ్ర జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్ వంటివి వచ్చినప్పుడు ఎన్నో వెంట్రుకలు ఒకేసారి పెరగడం మానేస్తాయి. అంటే నాకు ఇప్పుడు రాలుతున్నవి జ్వరంలోనే ఆగిపోయినవి! బోరు నీళ్ళకు ఇందులో పాత్రే లేదు.

ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. మందుల షాపులో కొన్న బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు పరీక్షకు కొన్ని రోజుల ముందే ఆపమన్నారు. ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చట. జుట్టు కోసం బయోటిన్ మింగేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నాకు థైరాయిడ్ బాగానే ఉంది. ఫెరిటిన్ తక్కువ. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను. అవి వేసుకునే వేళకు దగ్గరలో కాఫీ తాగకూడదన్నారు, నాకు అదే పెద్ద శిక్ష.

"తిరుపతి వెళ్ళి గుండు చేయించుకో తల్లీ, ఒత్తుగా వస్తుంది" అంది పెద్దమ్మ. మొక్కుంటే సరే. కత్తి తీసేది చర్మం బయట ఉన్న జీవంలేని కెరటిన్‌నే (జుట్టు తయారయ్యే ప్రోటీన్), కుదుళ్ళ సంఖ్య మారదు. కొసలు మొద్దుగా తెగడం వల్ల కొత్త జుట్టు బిరుసుగా తగిలి, ఒత్తుగా అనిపిస్తుంది.

పాపిట పలచబడ్డాక మధ్యాహ్నం ఎండ నేరుగా మాడుకు తగిలేది. జుట్టు అందానికే కాదని అప్పుడు ఒప్పుకున్నాను. గొడుగు లేనిదే బయటికి వెళ్ళేదాన్ని కాదు.

కొన్ని నెలలకు రాలడం తగ్గి నుదుటి పైన చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నెలకు సుమారు సెంటీమీటరే పెరుగుతాయి కనుక పాత జడ రావడానికి ఏళ్ళు పడుతుంది. ప్రస్తుతం అవి జడలోకి అందవు, నూనె రాసినా అణగవు. పిన్నులతో నెట్టుకొస్తున్నాను.