శనివారం, వర్క్‌షాపు రెండో రోజు

ఉదయం ఎనిమిదింటికి మొదలు కావలసిన సెషను తొమ్మిదింబావుకు గానీ మొదలు కాలేదు. జైలు గేటు దగ్గరి అనుమతి పత్రంలో మా బయటివాళ్ళ పేర్లన్నీ సక్రమంగానే ఉన్నాయి గానీ, వెంట తీసుకువెళ్ళే మార్కర్లు, చార్టు కాగితాల చుట్ట, మాస్కింగ్ టేపు వివరాలు రాసిన రెండో పుట ఎక్కడో తప్పిపోయింది. డ్యూటీలో ఉన్న ఆఫీసరు ఓపిగ్గా మూడు చోట్లకు ఫోను చేసి, చివరికి ఎవరో ఆ పుటను ఇంకో ఫైల్లోంచి వెతికి పంపేదాకా మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. జైల్లో వాలంటీరు పని అంటే మనుషులతో పని అని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి అందులో సగం కాగితాలతో పని.

ఈ సంస్థ పేరు ఆల్టర్నేటివ్స్ టు వయొలెన్స్ ప్రాజెక్ట్. అందరూ ఏవీపీ అనే అంటారు. హింసకు దిగకుండా గొడవను ఎదుర్కోవడం ఎలాగో మూడు రోజుల వర్క్‌షాపుల్లో నేర్పుతుంది. నేర్పేవాళ్ళలో ఎవరికీ జీతం లేదు. మా స్థానిక కమిటీలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, నర్సులు, క్వేకర్ (హింసను, యుద్ధాన్ని వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖ) పెద్దలు; ఇక్కడి కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు వచ్చే తెలుగావిడను నేనొక్కదాన్నే.

దీని పుట్టుక కూడా అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని మా డచెస్ కౌంటీలోనే, స్టార్మ్‌విల్ దగ్గరి గ్రీన్ హేవెన్ జైల్లో. 1971 సెప్టెంబరులో ఇదే న్యూయార్క్ రాష్ట్రంలోని ఆటికా జైల్లో ఖైదీలు తిరగబడ్డారు. ప్రభుత్వం తుపాకులతో జైలును తిరిగి స్వాధీనం చేసుకుంది. ఆ ఉదంతం ముగిసేసరికి ఖైదీలూ, బందీలుగా చిక్కిన ఉద్యోగులూ కలిపి 43 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉన్న రోజుల్లో, 1975లో, గ్రీన్ హేవెన్‌లో థింక్ ట్యాంక్ అని పేరు పెట్టుకున్న ఖైదీల బృందం ఒకటి క్వేకర్లను పిలిచి, తమలాగే జైలు దారి పడుతున్న కుర్రవాళ్ళకు వేరే దారి చూపడం ఎలాగో తమకు నేర్పమని అడిగింది. వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనల్లో ఘర్షణలు జరగకుండా చూసే కార్యకర్తలకు శిక్షణ ఇచ్చిన అనుభవం క్వేకర్లకు అప్పటికే ఉంది. తొలి వర్క్‌షాపు నడిపినవారిలో బస్సు ప్రయాణాల్లో నల్లవాళ్ళ పట్ల వివక్షకు వ్యతిరేకంగా సాగిన 1961 నాటి ఫ్రీడమ్ రైడ్స్‌లో పాల్గొన్న బెర్నార్డ్ లఫాయెట్ ఒకరు. అక్కడి నుంచి అది రువాండా, కెన్యా వంటి దేశాలకూ వెళ్ళింది. అయితే నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది, మొదట అడిగినవాళ్ళు ఖైదీలే అన్న సంగతి. దేవాలయం దగ్గర కలిసినప్పుడు మన తెలుగువాళ్ళు "మీరు వెళ్ళి వాళ్ళను మారుస్తారా?" అని అడుగుతుంటారు. మా ఏవీపీ సంగతి ఆ ప్రశ్నలో ఇమడదు.

ఈ రోజు టీములో మేము బయటివాళ్ళం ఉన్నాం, లోపలి ఫెసిలిటేటర్లూ, అంటే వర్క్‌షాపు నడిపే ఖైదీలూ, ఉన్నారు. నడిపింది మాత్రం లోపలివాళ్ళే. వాళ్ళు బేసిక్ వర్క్‌షాపు చేసి, రెండో స్థాయి చేసి, ఫెసిలిటేటర్ శిక్షణ పూర్తి చేసి, ఆ తర్వాత అనుభవజ్ఞుల పక్కన కూర్చుని పని నేర్చుకుని వచ్చినవాళ్ళు. వారిలో పెద్దాయన శిక్షాకాలంలో ఇప్పటికే ఎంత గడిచిందో నేను ఎన్నడూ అడగలేదు. కానీ గదిలో ఎవరి గొంతు ఎప్పుడు మారుతుందో మాకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

వర్క్‌షాపులో ప్రతివారూ తమ పేరుకు ముందు, అదే అక్షరంతో మొదలయ్యే ఒక మంచి విశేషణం తగిలించుకోవాలి. మూడు రోజులూ అందరూ ఆ పేరుతోనే పిలుచుకుంటారు. నేను పీస్‌ఫుల్ పద్మను. ఆ పేరు వాచీతో పాటు గేటు దగ్గర లాకర్లో పెట్టేసి ఇంటికి వస్తానని మావారి ఫిర్యాదు.

లోపల విన్న మాటలు లోపలే ఉండాలన్నది మా నియమాల్లో ఒకటి కాబట్టి అక్కడివాళ్ళ కథలేవీ డైరీలో కూడా రాయను. మధ్యాహ్నం చేసిన చతురస్రాల అభ్యాసం గురించి రాయవచ్చు. బల్లకు ఐదుగురు చొప్పున కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఒక కవరు, అందులో అట్టముక్కలు. ప్రతివారి ముందూ ఒకే కొలత గల చతురస్రం తయారు కావాలి. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, పక్కవారి ముక్క అడగకూడదు, తీసుకోకూడదు. తన దగ్గరున్నది ఇవ్వడం మాత్రమే చేయవచ్చు. ఇందులో కిటుకేమిటంటే, చేరకూడని ముక్కలతో కూడా ఒక చతురస్రం చక్కగా కుదురుతుంది, కానీ అలా కుదిరితే మిగతావారిలో ఎవరికో ఒకరికి ఎప్పటికీ కుదరదు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒక బలమైన మనిషి అందరికంటే ముందు తన చతురస్రం పూర్తి చేసి, ఆకుపచ్చ జైలు చొక్కా మీద చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. మిగిలిన నలుగురూ ముక్కలు అటూ ఇటూ మార్చుకుంటూ చెమటలు కక్కుతున్నారు. ఆయన మొదట వాళ్ళను చూసి నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, తర్వాత కప్పువైపు చూశాడు. ఎదురుగా ఉన్న కుర్రవాడు తన ముక్కలన్నీ బల్ల మధ్యకు తోసేసి చేతులెత్తేశాక, ఈయన చాలాసేపు తన చతురస్రం వైపే చూసుకుని, చూపుడు వేలితో ఒక మూల ముక్కను ఊడదీసి ఆ కుర్రవాడి ముందుకు జరిపాడు. ఆ తర్వాత రెండు నిమిషాల్లో బల్లంతా పూర్తయింది.

నేనైతే ఆ క్షణంలో ఏదో ఒక వ్యాఖ్యానం చేసి ఉండేదాన్ని. ఉపన్యాసం మన రక్తంలోనే ఉంది. పెద్దాయన మాత్రం "ఏం జరిగింది?" అని అడిగి ఊరుకున్నాడు. ఆ మౌనం ఇబ్బంది పెట్టేంత సేపు సాగినా కదలలేదు. చివరికి చేతులు కట్టుకున్న మనిషే మొదట నోరు విప్పాడు. అంతకుమించి రాయను. ఆ తర్వాత అందరినీ తేలికపరచడానికి "పెద్ద గాలి వీస్తోంది" ఆట పెట్టారు. కుర్చీల కోసం ఏభై దాటినవాళ్ళు కూడా పరుగులు తీయడం చూసి కాపలా ఆఫీసరు తల తిప్పుకుని నవ్వుకున్నాడు.

రాత్రి ఏడున్నరకు కమిటీ జూమ్ సమావేశం. మా కోఆర్డినేటరు గారికి డెబ్బై దాటాయి, ఈ ఏడాదితో బాధ్యత వదులుకుంటానన్నారు. అనుమతి పత్రాలు, వేలిముద్రల గడువులు, మాన్యువళ్ళ ముద్రణ, ఏ వారాంతానికి ఎవరు ఖాళీ అన్న పట్టిక, ఇవన్నీ ఆవిడ ఒక్కరి వంటింటి బల్ల మీదే నడిచాయని ఇప్పుడు తెలిసి అందరం కంగారుపడ్డాం. ఇదే సమయంలో ఒక దాత, జీతానికి ఒక ఉద్యోగిని పెట్టుకోవడానికి రెండేళ్ళపాటు డబ్బిస్తామన్నారు.

మా దగ్గర ఓటింగు లేదు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడమే. ఇద్దరు వెంటనే సరేనన్నారు. ఒకాయన, జీతమొస్తే నివేదికలొస్తాయి, నివేదికలొస్తే ఎంతమంది మారారో లెక్క చెప్పమంటారు అని అభ్యంతరం చెప్పారు. మాటలు కాస్త వేడెక్కాయి. వర్క్‌షాపులో ఖైదీలకు చెప్పే నియమాలను మాకు మేమే గుర్తు చేసుకోవలసి వచ్చింది: ఒకరు మాట్లాడుతుంటే అడ్డుపడవద్దు, ఎవరినీ కించపరచవద్దు. నా మటుకు నాకు ఆ అభ్యంతరం సబబనే అనిపించింది గానీ, డెబ్బై దాటిన మనిషి భుజాల మీద మొత్తం వేసి సిద్ధాంతం మాట్లాడడం అన్యాయమనీ అనిపించింది. ఆ రెండు మాటలూ చెప్పాను.

అప్పుడు కోఆర్డినేటరు గారే అడిగారు, లోపలి ఫెసిలిటేటర్ల అభిప్రాయం ఎవరైనా తీసుకున్నారా అని. ఎవరూ తీసుకోలేదు. గంటన్నరసేపు మేము మాట్లాడింది వాళ్ళు నడిపే సంస్థ గురించి.

రేపు భోజనాల తర్వాత టీము కూర్చున్నప్పుడు ఇక్కడివాళ్ళను అడగడం నా వంతు. మిగతా జైళ్ళలోని బృందాలకు ఉత్తరాలు వెళ్ళాలి, జవాబులు రావాలి, వాటికి తక్కువలో తక్కువ మూడు వారాలు. దాత ఇచ్చిన గడువు పది రోజులే. గడువు పెంచమని అడిగే ఉత్తరం కూడా నాకే పడింది. సోమవారం ఆఫీసుకు వెళ్ళేముందు రాయాలి.