జేబులో నా సంతకం

పోయిన అక్టోబరులో మా అమ్మాయి కోటు జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉండింది. పక్కింటి పెద్దాయన వెంట వేటకు పోవడానికీ, ఆయన రివాల్వర్ వాడడానికీ తండ్రిగా నాకు సమ్మతమేనని అందులో రాసి సంతకం పెట్టాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల దగ్గర చేతి తుపాకి ఉండకూడదు. వేట, గురి సాధన లాంటి కొన్నింటికి వెసులుబాటు ఉంది గానీ, అమ్మానాన్నలు రాసిచ్చిన కాగితం పిల్లల దగ్గరే ఉండాలి. మా అమ్మాయికి పదిహేనేళ్లు. స్కూలు టూర్లకు ఇలాంటి సంతకాలు ఎన్ని పెట్టానో లెక్కలేదు. దీనికి మాత్రం మూడు రోజులు పట్టింది.

"సంతకం మీది, వంట నాది. నన్నేం అడగొద్దు" అనేసింది మా ఆవిడ.

మేముండేది వయోమింగ్‌లోని క్యాస్పర్. ఉగాదికి తెలుగువాళ్లందరం కలిసినా మా బేస్‌మెంట్‌లో ఇంకా చోటు మిగులుతుంది. ఊరు దాటితే చాలు, తెల్లటి పిరుదుల జింకలు మందలు మందలుగా కనిపిస్తాయి. ఇక్కడివాళ్లు యాంటిలోప్ అంటారు, పుస్తకాల్లో ప్రాంగ్‌హార్న్. నిజానికి అది జింకా కాదు, యాంటిలోపూ కాదు. బతికున్నవాటిలో దానికి దగ్గరి చుట్టం జిరాఫీ. నేను జింక అన్నప్పుడల్లా అమ్మాయి సరిదిద్దుతుంది, నేను మళ్లీ జింకనే అంటాను. గంటకు 80 కిలోమీటర్లు దాటి ఉరుకుతుంది. అంత వేగంగా దాన్ని తరిమే జంతువు ఇప్పుడిక్కడ ఏదీ లేదు. ఎప్పుడో అంతరించిపోయిన చీతాలాంటి పిల్లి నుంచి తప్పించుకోవడానికి అబ్బిన పరుగు అది అని కొందరు శాస్త్రవేత్తల అంచనా. అమ్మాయి ఇది చదివి వినిపించి, "లేని పులికి భయపడేవాళ్లు మన ఇంట్లో కూడా ఉన్నారు" అని నావైపు చూసింది.

నా భయం లేని పులికి కాదు. ఎవడైనా తుపాకితో చొరబడితే ఏం చేయాలో నేర్పడానికని, స్కూల్లో తలుపు గడియ పెట్టి, లైట్లు ఆర్పి, బల్ల కింద నక్కి కూర్చునే డ్రిల్లు అమ్మాయి కిండర్‌గార్టెన్ నుంచీ చేస్తోంది. ఈ దేశంలో తుపాకి అంటే నాకు గుర్తొచ్చేది ఆ చీకటి గది. అదే పిల్ల ఆదివారం గ్యారేజీలో రివాల్వర్ తుడుస్తుంటే ఏ మొహం పెట్టుకుని చూడాలో ఇప్పటికీ నాకు తెలియదు.

పైగా మాది నందికొట్కూరు పక్కన. బట్టమేక పిట్టను కాపాడాలని 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. కాపలా పిట్టకు పెడితే కృష్ణజింకలు పెరిగినాయి. రాత్రిళ్లు అవి శనగచేలో పడితే మా నాయన మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవాడు. పిట్ట కనబడడం మానేసింది, చేను మాత్రం మేతయిపోయింది. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, జింకను కొడితే జైలు. పైగా రాష్ట్ర జంతువు. మా ఊరి రైతు ఆ పిట్టను తిట్టుకున్నంతగా ఇంకెవరినీ తిట్టుకోలేదు. ఇక్కడేమో వేటకు లైసెన్సు అమ్ముతారు. 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వచ్చే పన్నుతో అడవి జంతువులనే సాకుతారు. ఏది మేలు అంటే నేను చెప్పలేను. మా నాయనకు మాత్రం ఈ పద్ధతే నచ్చుండేది.

పెద్దాయన రివాల్వర్ వాళ్ల తాతది. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. ఈ మోడల్ పుట్టింది 1873లో, ఇది మాత్రం ఆ తర్వాతెప్పుడో చేసింది. నీలం రంగు అరిగి పిడి దగ్గర గోధుమరంగు తేలింది. ఆరు గదులుంటాయి, ఆయన ఐదే నింపనిస్తాడు. తూటాను పేల్చే సుత్తి కింద గది ఎప్పుడూ ఖాళీ. చేయి జారి కిందపడితే పేలే రకం మరి. అమ్మాయికి ఆయన నేర్పిన మొదటి పాఠం ఆ ఖాళీ గది.

గుండ్లు కొనరు, పోస్తారు. ఎండాకాలమంతా శనివారాలు గ్యారేజీ తలుపు పైకెత్తి, ఫ్యాను పెట్టి, ఇనపకుండలో సీసం కరిగించేవాళ్లు. 327 డిగ్రీల దగ్గర సీసం కరుగుతుంది, పోయడానికి ఇంకా వేడెక్కాలి. ఇరవై పాళ్లకు ఒక పాలు తగరం. తేనెమైనం ముక్క వేస్తే గుప్పున పొగ లేస్తుంది, మడ్డి పైకి తేలుతుంది, గరిటెతో తీసి పారేయాలి. అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది. గుండు ముక్కు దగ్గర గుంట పడేలా మధ్యలో ఒక సూది. అచ్చు వేడెక్కేదాకా గుండ్లు ముడతలు పడి వస్తాయి. "మొదటి దోసె లాగ" అంది అమ్మాయి. పెద్దాయనకు దోసె అంటే ఏమిటో చెప్పడానికి అరగంట పట్టింది, మరుసటి వారం తినిపించడం సులువైంది. ముడత ఉన్నది మళ్లీ కుండలోకే. బాగా వచ్చినవాటిని చిన్న త్రాసులో ఒక్కొక్కటే తూచేది. ఒక్కోటి పదహారు గ్రాములు. లెక్కల హోంవర్కుకు అందులో సగం శ్రద్ధ పెట్టినా చాలు. ఇంట్లోకి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడిగించేది వాళ్లమ్మ. సీసం సంగతి తనకు బాగా తెలుసు, ల్యాబులో పని.

రైఫిల్ ఉంటే రెండొందల గజాల నుంచే పని అయిపోతుంది. రివాల్వర్‌కు ఆయన పెట్టిన హద్దు నలభై గజాలు. చెట్టు లేని మైదానంలో, మైళ్ల దూరం నుంచి మనిషిని పసిగట్టే జంతువుకు నలభై గజాల్లోకి పోవాలి. షర్లీ బేసిన్‌లో తెలిసినవాళ్ల ర్యాంచి. సేజ్ పొదల మధ్య ముగ్గురం నారింజ చొక్కాలతో పాకుతున్నాం. నా దగ్గర దుర్భిణి మాత్రమే. ఇక్కడ నేలబారున నాగజెముడు ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. మన గట్ల మీద ఉండేదే, పొట్టిది. మోకాల్లో దిగేసరికి "అబ్బా" అని లేచి నిలబడ్డాను. పిరుదుల మీద తెల్ల వెంట్రుకలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి, మంద మొత్తం గుట్ట దాటింది. అమ్మాయి ఏమీ అనలేదు. అదే ఎక్కువ నొప్పి.

రెండో రోజు నన్ను వాగు గట్టునే కూర్చోబెట్టి పోయారు. ఒకసారి అమ్మాయి అరవై గజాల దాకా పోయి, గురి పెట్టి, సుత్తి మెల్లగా దించేసి వెనక్కి పాకింది. దుర్భిణిలో చూశాను. సాయంత్రం నీటిగుంట దగ్గర ఒకే ఒక్క చప్పుడు. ఆడజింక పది అడుగులు పోయి కూలబడింది. నేను పోయేసరికి అమ్మాయి దాని మెడ మీద చేయి వేసి కూర్చుంది. వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి, పట్టుకుంటే పొట్టులా ఊడొస్తాయి. అరచేతికి అంటుకున్నవి దులుపుకోకుండా అట్లనే ఉంది. ఏడ్చిందా అని అడగలేదు. కాసేపటికి లేచి కత్తి అందుకుంది. ఇక్కడ తినదగ్గ మాంసం వదిలేయడం నేరం. పైగా తోలు త్వరగా ఒలిచి చల్లార్చకపోతే మాంసం వాసన పడుతుంది.

చిన్నప్పుడు అమ్మాయి నన్ను అడిగేది, మటన్‌ను అవ్వ వేట అని ఎందుకంటుంది, ఎవరు వేటాడారు అని. దేవరకు కొట్టినా వేటే, అడవికి పోయినా వేటే, మన మాట అంతే అని దాటేసేవాణ్ని. దేవర రోజు గుడి ముందు పొట్టేలు తల తెగిపడితే పదేళ్లవాణ్ని కన్నార్పకుండా చూసినాననీ, మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నాననీ మాత్రం చెప్పలేదు. ఈ మధ్యే చెప్పాను, తోలు ఒలిచేటప్పుడు.

ఆదివారం మా ఆవిడ పెరట్లో మిగిలిన గోంగూర వేసి వండింది. వీడియో కాల్లో మా అమ్మ.

"ఏం కూరరా?"

"వేటమ్మా" అన్నాను. అబద్ధం కాదు.

"పొట్టేలా, మేకపోతా?"

అమ్మాయి ఫోను లాక్కుంది. "జింక అవ్వా. నేనే కొట్టినా."

అవతల మాట లేదు. కాల్ కట్టయిందేమో అనుకున్నాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"శనగచేలో పడిందా నాయనా?"