‘మిస్సమ్మ’: అబద్ధపు కాపురం ఇంకా నవ్విస్తోందా?

గత ఆదివారం చెన్నైలో, వడపళనిలోని మా ఇంట్లో అత్తయ్యతో కలిసి 1955 నాటి ‘మిస్సమ్మ’ను మరోసారి చూశాను, ఆ చిత్రాన్ని తీసిన విజయా సంస్థ స్టూడియో ఒకప్పుడు ఈ వడపళనిలోనే ఉండేది.

ఉద్యోగాల్లేని ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి భార్యాభర్తలమని అబద్ధమాడి ఒక జమీందారు బడిలో ఉపాధ్యాయులుగా చేరడమనే చిక్కుముడిని దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ ఎక్కడా బిగువు సడలకుండా నడిపించారు. ఎన్.టి.రామారావు జమునకు సంగీతం నేర్పుతుంటే, తనకేమీ పట్టనట్టు ఉండాలనుకుంటూనే లోలోపల ఉడికిపోయే సావిత్రిని చూసి తీరాలి. మొదట ఈ పాత్రకు భానుమతిని తీసుకున్నారన్న సంగతి ఇప్పుడు నమ్మశక్యంగా అనిపించదు. అక్కినేని డిటెక్టివ్ వేషాలు మాత్రం నాకు కొంత సాగినట్టే తోచాయి, అత్తయ్య ఒప్పుకోలేదు.

నాకు మింగుడుపడనిది ముగింపు. సావిత్రి పోషించిన మేరీ చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురేనని తేలడంతో, మతాంతర వివాహమనే అసలు ప్రశ్న జవాబు లేకుండానే పక్కకు తప్పుకుంటుంది.

ఆ మాటే అంటే, “ఆ రోజుల్లో అంతమాత్రం తీయడమే గొప్ప, నువ్వు ముందు కాఫీ పెట్టు” అన్నారు అత్తయ్య.