పక్క మంచం పిల్లాడు

విరేచనాలు తగ్గాయి కదా అని ధీమాగా ఉన్న రెండు వారాలకు పాదాలు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి మోకాళ్లకు, తర్వాత చేతులకు పాకింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు రాలేదు. కడపలో నరాల పరీక్ష చేసి జీబీఎస్ అన్నారు, అంటే గిలియన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు. సూక్ష్మజీవిని చంపడానికి లేచిన రోగనిరోధక శక్తి, దానితో పోలికలున్నాయని మన నరాల మీదే పడుతుందట. కాపాడాల్సిందే పడగొడుతుందన్నమాట. దేవుడు మంచివాడైతే శరీరాన్ని ఇట్లా ఎందుకు చేశాడన్న ప్రశ్న నాకు ఆ మంచం మీదే పుట్టింది.

ఐసీయూలో నా పక్కన ఇంటర్ చదివే పిల్లాడు. వాడిదీ అదే జబ్బు. ఇద్దరికీ ఐదేసి రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. వేల మంది దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి తీసే మందు అది. మా అమ్మ దేవుని కడప వెంకన్నకు మొక్కుకుంది. వాళ్లమ్మ పెద్ద దర్గా తాయెత్తు తెచ్చి దిండు కింద పెట్టింది, వెంకన్నకూ మొక్కింది. ఉగాదినాడు ముస్లింలు ఆ గుడికి పోయే ఊరు మాది. మా అమ్మ మందులకు పోతే, నా మొహం మీద చెమట ఆమే తుడిచేది.

ఒక రాత్రి పిల్లాడికి బీపీ ఎగసిపడి, గుండె లయ తప్పింది. వాడు పోయాడు. నేను బతికాను.

చూడ్డానికొచ్చిన వాళ్లు "మీ అమ్మ మొక్కు ఫలించింది" అన్నారు. మరి ఆ పిల్లాడో అంటే, "వాడి కర్మ." దేవుడు కర్మను బట్టే ఫలమిస్తాడు కాబట్టి ఆయనకు పక్షపాతం, క్రూరత్వం అంటవని బ్రహ్మసూత్రాలు చెబుతాయి (2-1-34). వాన అందరికీ ఒకటే, విత్తనాన్ని బట్టే పంట అన్నారు శంకరులు. పెద్ద వాదమే. దేవుణ్ని నింద నుంచి తప్పిస్తుందేమో కూడా. ఆ తల్లి ఎదుట కూర్చుని ఆ మాట నేను అనలేను.

నన్ను మళ్లీ నడిపించిన ఫిజియోథెరపీ ఆయన క్రైస్తవుడు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని కష్టాలు పడిన యోబుకు, నీ పాపమే నీ కష్టానికి కారణమని చెప్పిన స్నేహితుల మీదే చివరికి దేవుడికి కోపం వచ్చిందని చెప్పాడు. ఆ మాటతో నా గుండె కాస్త తేలికపడింది.

వాకర్ పట్టుకుని అమ్మ వెంట గుడికి పోయాను. నమ్మకం పోలేదు. నన్నొక్కణ్నే ఏరి కాపాడాడంటే మాత్రం నమ్మను. ముక్కూమొహం తెలియని వాళ్లిచ్చిన రక్తంలో, ఆ తల్లి చేతిలో ఆయన ఉన్నాడంటే ఒప్పుకుంటాను. పిల్లాడు ఎందుకు పోయాడన్నదానికి అది జవాబు కాదు. "దేవుణ్ని అట్ల నిలదీయగూడదు నాయనా" అంటుంది అమ్మ. నేనింకా అడుగుతూనే ఉన్నాను.