"గోడెనక నీరెటు పోద్ది?": అరకు కొండ వాలు మీద మా ఇల్లు కట్టిన అనుభవం

పోయిన వారం పాలు పొంగించాం. ఆ రాత్రే కుండపోత వాన. నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. రాతికట్టు సందుల్లోంచి నీళ్ళు సన్నగా కారి, కాలవలో పడి, గెడ్డ (కొండవాగు) వైపు పోతున్నాయి. ఒక్క రాయి కదలలేదు. రెండేళ్ళ టెన్షన్ ఆ పూటకి దిగింది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది అరకు లోయలో చిన్న ఊరు. నేను టీచర్ని. నాన్న ఇచ్చిన 40 సెంట్ల మెట్ట ఉంది. ఆగ్నేయం వైపు దిగే వాలు. పైన కాఫీ తోట, కింద గెడ్డ, మధ్యలో తాత నాటిన పనస చెట్టు. సెలవుల్లో వచ్చి ఉండడానికి, రిటైరయ్యాక స్థిరపడడానికి అక్కడ చిన్న ఇల్లు కావాలనుకున్నాను. "మాకూ అక్కడ ఒక ముక్క చూడండి" అని పట్నం నుంచి ఫోన్ చేసేవాళ్ళకు ముందే చెబుతున్నాను. ఇక్కడ 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు భూమి కొనకూడదు. బినామీ పేర్ల మీద కొనడం మావాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

పంచాయతీ కాగితాలకు, కరెంటుకు ఇబ్బంది రాలేదు. బ్యాంకు మాత్రం హౌసింగ్ లోన్ ఇవ్వలేదు. "ఈ భూమిని రేపు వేలం వేసినా బయటివాళ్ళు కొనలేరు, మాకేం విలువ?" అన్నాడు మేనేజరు. మా తాతలు పోడు కొట్టి బాగుచేసిన నేల గురించి ఆ మాట వినడం కష్టంగా అనిపించింది. చివరికి పీఎఫ్‌లో కొంత, జీతం మీద పర్సనల్ లోన్ కొంత తీసుకున్నాను. మీరు కూడా బ్యాంకు చుట్టూ ఆరు నెలలు తిరగొద్దు, రెండో వారంలోనే సంగతి తేల్చేసుకోండి.

అసలు దెబ్బ ప్లాను దగ్గర తగిలింది. విశాఖలో పేరున్న ఇంజనీరు దగ్గరికి మా మావయ్యను తీసుకుని వెళ్ళాను. మావయ్య బడికి వెళ్ళలేదు. కానీ మా చుట్టుపక్కల వరి మడులకు రాతి గట్లు కట్టడంలో ఆయన తరవాతే ఎవరైనా. ఇంజనీరు మా స్థలాన్ని ఫోన్‌లో ఫోటోలు చూసి అర్థం చేసుకున్నాడు, ఒక్కసారి కూడా కొండకు రాలేదు. మా వాలు 10 అడుగులకు 3 అడుగులు దిగుతుంది. ఆయన గీసింది ముందు నుంచి వెనక్కి 30 అడుగులున్న ఇల్లు, అంతా ఒకే మట్టం మీద. అంటే వెనక 9 అడుగులు కొండను నిలువునా కోయాలి, అక్కడ సిమెంటు గోడ కట్టాలి.

మావయ్య చాలాసేపు ఆ కాగితం చూసి, "ఈ గోడెనక నీరెటు పోద్ది బాబూ?" అని అడిగాడు.

ఇంజనీరు నవ్వాడు. పక్కన కూర్చున్న కుర్రాళ్ళూ నవ్వారు. "మీ ఏజెన్సీలో ఇళ్ళు ఎలా కడతారో నాకు తెలుసులే, ఇది కాంక్రీటు" అన్నాడు. మావయ్య తల దించుకున్నాడు. నేను ఏమీ అనలేదు. ఫీజు కట్టి ప్లాను తీసుకుని వచ్చేశాను. తిరుగు బస్సులో మావయ్య కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నేను నోరు తెరవకపోవడం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మార్చిలో జేసీబీ రెండు రోజుల్లో కొండను కోసేసింది. ఎర్రమట్టి గోడలా నున్నగా నిలబడింది. మా తూర్పు కనుమల్లో ఖొండలైటు రాయి ఎక్కువ. అది ఎండకూ వానకూ మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది. ఎండినప్పుడు నిలువుగా కోసినా పడదు. తడిస్తే మాత్రం బరువెక్కి జారుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద వానాకాలంలో బండలూ మట్టీ జారిపడి రైళ్ళు ఆగిపోవడం మేం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా ప్లాను మీద ఉన్న స్టాంపునే నమ్మి, కోసిన చోట సిమెంటు గోడ కట్టించాను. జూన్‌లో గోడకు పగుళ్ళు వచ్చాయి. జులై చివర్లో మూడు రోజుల ముసురు తర్వాత ఒక రాత్రి గోడ మొత్తం ముందుకు పడి, కట్టిన పునాదిని మట్టి కప్పేసింది. గోడలో నీళ్ళు బయటికి రావడానికి ఒక్క కన్నం లేదు. వెనక చేరిన నీళ్ళ బరువే దాన్ని తోసేసింది. 4 లక్షలు పోయాయి. ఇంజనీరుకు ఫోన్ చేస్తే "మీ మట్టి మంచిది కాదు, ఇనుము పెంచి ఇంకో డిజైన్ ఇస్తాను" అని మళ్ళీ ఫీజు చెప్పాడు. ఫోన్ పెట్టేశాను.

మర్నాడు మావయ్య ఇంటికి వెళ్ళి, నన్ను క్షమించమని అడిగాను. "పద, కొండ చూద్దాం" అని కర్ర తీసుకున్నాడు.

ఒక వానాకాలం మొత్తం ఏమీ కట్టలేదు. వాన పడినప్పుడల్లా గొడుగు వేసుకుని నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయో, ఎటు దిగుతున్నాయో చూసి మేకులు పాతాం. ఇల్లు కట్టేవాళ్ళంతా ఈ ఒక్కటి తప్పక చేయాలని నా మాట. తర్వాత మా ఊరి మేస్త్రి లెవెల్ పైపుతో (నీళ్ళు నింపిన గొట్టంతో) మట్టాలు తీశాడు. కోసిన చోటును రెండు మడుల్లా రాతికట్టుతో సరిచేసి పసుపు వేశాం. ఇల్లు పనస చెట్టు పక్కకు మార్చాం.

కొత్త ఇల్లు కొండతో పాటే మూడు మట్టాలుగా దిగుతుంది. ఒక్కో మట్టం ముందు నుంచి వెనక్కి 10 అడుగులు, మట్టానికీ మట్టానికీ 3 అడుగుల ఎత్తు తేడా. గది నుంచి గదికి ఆరు మెట్లు. ఎక్కడా అడుగున్నర కంటే లోతుగా కొండను కోయలేదు. పునాదులను, చదును కోసం పోసిన మట్టి మీద ఆపకుండా, కింద గట్టినేల దాకా దింపాం. ఇంటికి పైన వాలుకు అడ్డంగా ఒక కాలవ తవ్వాం. పైనుంచి వచ్చే నీళ్ళు ఇంటిని తాకకుండా చుట్టూ తిరిగి గెడ్డలోకి పోతాయి. వెనక కట్టు సిమెంటు లేని రాయి, దాని వెనక కంకర. మావయ్య మడి గట్లు ఎన్నో ఏళ్ళుగా నిలబడి ఉన్నది ఈ పద్ధతి వల్లే. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పోతాయి కాబట్టి వెనక బరువు చేరదు.

కప్పు వాలుగా పెంకులతో వేసి, చూరు బాగా కిందికి దింపాం. సిల్వర్ ఓక్ చెట్లకు దూరంగా కట్టాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కాఫీ తోటల్లో అవి ఎలా కూలాయో కళ్ళారా చూశాను. దక్షిణం వైపు వసారా పెట్టాం. డిసెంబరు, జనవరిల్లో చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ నేరుగా వసారాలోకి వస్తుంది. లోయలో కొన్ని రిసార్టులు పడమటికి పెద్ద పెద్ద అద్దాలు పెట్టుకున్నాయి. ఎండాకాలం సాయంత్రాలు ఆ గదుల్లో కూర్చోలేం. వ్యూ కోసం మనిషిని ఉడకబెట్టడం నాకు నచ్చదు.

పనస చెట్టు ఒక్క కొమ్మ కూడా కొట్టలేదు. వసారా కప్పునే దాని కోసం కొంచెం వంచాం. మేస్త్రి ఐదు రోజులు ఎక్కువ పనిచేశాడు. ఈ చుట్టుపక్కల ఇంత అందమైన వసారా ఇంకోటి లేదని నేను ధైర్యంగా చెబుతాను.

పై ఊళ్ళో ఇంకో టీచరు ఇల్లు మొదలుపెడుతున్నారు. జేసీబీ మాట్లాడేశారట. కబురు పంపి ఆపించాను. సోమవారం మావయ్య, మేస్త్రి లెవెల్ పైపు పట్టుకుని అక్కడికి వెళ్తున్నారు.