పిడికెడు మిద్దె మీద, కిలోలు సంతలో

కర్నూలులో మిద్దె తోటలు పెంచే ఇళ్లు ఏటా పెరుగుతున్నాయి. మా వీధిలోనే మిద్దెల మీద పచ్చని తీగలు కనిపిస్తుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. కొత్తగా తోట మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ కూరగాయలు వేస్తే బజారుకు పోయే పని తప్పుతుంది? ఆ పని తప్పించుకోవడానికి తోట పెట్టవద్దనే నేను చెబుతాను. వంటకు రోజూ పిడికెడు చొప్పున కావలసినవి ఇంట్లో పెంచుకోవాలి, కిలోల చొప్పున కావలసినవి రైతు దగ్గర కొనుక్కోవాలి. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే ఉన్న కాస్త జాగా, మన ఊళ్లో దొరికే కాసిని నీళ్లు, ఇంటి ఖర్చు మూడూ ఒకదానికొకటి సరిపోతాయి.

మన ఇళ్లలో పొద్దున్నే చేసుకునే ఉగ్గానినే తీసుకుందాం. బొరుగులు, పప్పుల పొడి, నూనె, ఉల్లిగడ్డలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. బొరుగులు నానేలోపు కావలసినవి రెండు రెబ్బల కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, ఒక నిమ్మకాయ. వీటిలో ఏది లేకపోయినా ఉగ్గాని రుచి తగ్గుతుంది, అలాగని వీటి కోసం పొద్దున్నే బండి తీసుకొని బజారుకు పోవడం ఎవరికీ సాధ్యపడదు. కట్టలు కట్టలుగా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సగానికి సగం వాడిపోయి చెత్తబుట్టలో పడుతుంది. ఇంట్లో పెంచుకోవలసినవి ఇలాంటివే. తక్కువ అవసరం, రోజూ అవసరం, తాజాగా ఉంటేనే విలువ.

కరివేపాకు గురించి కొంచెం వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే మన నేలలో అందరినీ ఎక్కువగా బాధపెట్టే మొక్క అదే. సి క్యాంపు రైతు బజారులో ఆకుకూరలు అమ్మే అవ్వ ఒకామె ఉంది. కూరగాయలు కొన్నాక కొసరుగా రెండు రెబ్బలు సంచిలో వేస్తూ, "కరివేపాకు కొనేదేమిటికి మా? ఇంటి ముందర ఒక చెట్టు నాటుకుంటే సరిపాయ గదా!" అని అందరికీ చెబుతుంది. ఆమె మాట నిజమే అయినా, నాటిన చెట్టు నిలదొక్కుకోవడానికి కొంత పని ఉంది. మన చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో సున్నం ఎక్కువ, బోరు నీళ్లలోనూ అంతే. అటువంటి మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అప్పుడు లేత ఆకులు పసుపుపచ్చగా మారతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే మిగులుతాయి. ఈ గుర్తు కనబడగానే చాలామంది ఎరువు చాలలేదని మరింత ఎరువు వేస్తారు. దానివల్ల ప్రయోజనం లేదు. పులిసిన మజ్జిగను నీళ్లలో బాగా పలుచన చేసి చెట్టు మొదలు దగ్గర పోయడం మన పెద్దవాళ్లు చేసే పని, మా చెట్టుకు నేనూ అదే చేస్తాను. కుండీలో పెట్టేవాళ్లు రేగడిమట్టి జోలికి పోకుండా ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలుపుకుంటే నీరు నిలవదు, బరువూ తగ్గుతుంది. రేగడిమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే గుణం గలది కాబట్టి కుండీలో అది వేళ్లకు ఊపిరాడనివ్వదు. బరువైన కుండీలను మిద్దె నడుమ పెట్టకుండా, కింద గోడలు, దూలాలు ఉన్నచోట పెట్టుకోవడం ఇంటికి మంచిది.

ఆ చెట్టు మీద వానాకాలంలో ఒక అతిథి కనిపిస్తుంది. నిమ్మజాతి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు కరివేపాకు మీద కూడా పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన చిన్న పురుగు అచ్చం ఆకు మీద పడిన పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు మచ్చలతో ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. పెరిగేకొద్దీ అది ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. వేలితో మెల్లగా తాకితే తల వెనుక నుంచి నారింజ రంగులో రెండు చిన్న కొమ్ములు బయటికి వచ్చి ఘాటైన వాసన వేస్తుంది. మా పాప మొదటిసారి అది చూసి భయపడింది, ఇప్పుడు బడి నుంచి రాగానే మొదట చూసేది దాన్నే. చెట్టు కాస్త పెద్దదైతే రెండు మూడు పురుగులు తిన్నంత మాత్రాన నష్టమేమీ లేదు. లేత మొక్క అయితే వాటిని తీసి పెద్ద చెట్టు మీదికి మార్చాలి. తినే ఆకు మీద మందు కొట్టవలసిన అవసరం ఇంటి తోటలో రాకూడదని నా గట్టి నమ్మకం. అసలు ఇంట్లో పెంచుకోవడంలో పెద్ద లాభం అదే.

మిగిలినవాటికి ఇంత కథ లేదు. పుదీనా కొనుక్కొచ్చిన కట్టలో ఆకు దూసుకొని, గట్టి కాడలను తడిమట్టిలో గుచ్చి నీడలో పెడితే వేళ్లు పట్టుకుంటుంది. ధనియాలను అప్పడాల కర్రతో మెల్లగా నలిపి, గింజ రెండు బద్దలయ్యాక చల్లితే పది రోజులకు కాస్త అటూ ఇటుగా మొలకలు వస్తాయి. చలికాలంలో కొత్తిమీర బాగా వస్తుంది గానీ ఎండలు ముదిరితే ఆకు వేయకుండా పూతకు పోతుంది. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. మన వేసవిని తట్టుకొనే ఆకుకూర కావాలంటే తీగ బచ్చలికి మించింది నాకు కనబడలేదు. గోంగూర నాలుగు మొక్కలుంటే పప్పుకు, పచ్చడికి సరిపడా చిగురు వస్తూనే ఉంటుంది. పూజకు మందారం, నందివర్ధనం చెట్లు చెరొకటి ఉంటే చాలు. శ్రావణ శుక్రవారాల్లో పూల ధరలు చూసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కరలేదు.

నీళ్ల విషయంలో మా అత్తగారి పద్ధతే మా ఇంటి పద్ధతి. బియ్యం, పప్పులు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బక్కెట్లో చేరతాయి, ఆ రోజే మొక్కలకు పోతాయి. నిలవ ఉంచితే వాసన వేసి చీమలు, ఈగలు చేరతాయి కాబట్టి మరుసటి రోజుకు ఉంచరు. ఉప్పు వేసి ఉడికించిన నీళ్లు, సబ్బు నీళ్లు ఆ బక్కెట్లో పడకూడదు. మంచినీళ్ల మిషను బయటికి వదిలే నీళ్లను కూడా చాలా ఇళ్లలో కుండీలకు పోస్తున్నారు. ఆ మిషను పనే నీటిలోని లవణాలను వేరు చేసి బయటికి పంపడం కాబట్టి, ముందే ఉప్పగా ఉన్న మన బోరు నీళ్లు అందులోంచి మరింత ఉప్పగా వస్తాయి. కుండీ మట్టి మీద తెల్లని పొర పేరుకోవడానికి, ఆకుల అంచులు మాడిపోవడానికి ఒక కారణం ఇదే. వాటిని బండలు కడగడానికి, బాత్‌రూమ్‌లకు వాడుకుంటే వృథా కావు. మా ఇంట్లో బేతంచెర్ల బండలు, వేసవి సాయంత్రం ఆ నీళ్లతో తుడిస్తే ఇల్లంతా చల్లబడుతుంది.

ఇక టమోటా సంగతి. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటినప్పుడు మా చుట్టుపక్కల అందరూ కుండీల్లో టమోటా నారు నాటారు. ఆ ఆలోచన నాకు అర్థమవుతుంది, అయినా అది ధరకు విరుగుడు కాదు. టమోటా పూత నిలవాలంటే చల్లని రాత్రులు కావాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో పూత రాలిపోతుంది, అందువల్లనే వానాకాలం మొదట్లో బజారులో సరుకు తగ్గి ధర పెరుగుతుంది. మన మిద్దె మీది మొక్కకూ, పొలంలోని మొక్కకూ ఎండ ఒకటే, చలి ఒకటే. పత్తికొండ రైతు చేలో కాయ కాయనప్పుడు మన కుండీలోనూ కాయదు. చలికాలంలో మన కుండీ నిండా కాయలున్నప్పుడు పత్తికొండ మార్కెట్లో గంపలు గంపలుగా దిగుతాయి, కోత కూలి కూడా రాని ధరకు రైతు అమ్ముకోవలసి వస్తుంది, కొన్నిసార్లు రోడ్డు పక్కన పారబోసి పోతాడు. ఆ దృశ్యం చూసిన తర్వాత ఇంట్లో టమోటా పెంచి కిలోకు పది రూపాయలు మిగిలించుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో రైతు బజారుకు పోయి టమోటాలు ఎక్కువగా కొంటాను. 1999లో మొదలైన ఈ బజార్లలో రైతే తన సరుకు తెచ్చి అమ్ముకుంటాడు, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, మధ్యలో దళారి ఉండడు. అక్కడ బేరం ఆడకూడదని మా ఇంట్లో ఒక మాట ఉంది. గట్టిగా, ఎర్రగా ఉన్న కాయలను ఏరి, కడిగి, తుడిచి, నాలుగు చెక్కలుగా కోసి, ఉప్పు పట్టించి, శుభ్రమైన పాతచీర మీద మిద్దె పైన పరుస్తాము. మన ఎండకు నాలుగైదు రోజుల్లో ఒరుగులు తయారవుతాయి. చేతితో వంచితే విరగకుండా, తడి అంటకుండా ఉన్నప్పుడు తీసి గాజు సీసాలో పెట్టాలి. జూలైలో ధర పెరిగినప్పుడు పప్పులో గుప్పెడు ఒరుగులు వేస్తే పులుపుకు లోటుండదు. గోరుచిక్కుడు, వంకాయ ఒరుగులు కూడా ఇలాగే చేసుకోవచ్చు. ఎండ వల్ల మొక్కలు పెరగని నెలల్లో మిద్దెను ఈ విధంగా వాడుకోవడం మన సీమ ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే.

ఉల్లిగడ్డలకు కర్నూలు మార్కెట్ యార్డుకున్న పేరు అందరికీ తెలిసిందే, వాటిని ఇంట్లో పెంచాలని ఎవరూ అనుకోరు. కొనేటప్పుడు తెలుసుకోవలసింది ఒకటుంది. ఖరీఫ్ పంటగా వానాకాలం చివర వచ్చే గడ్డల్లో తేమ ఎక్కువ, అవి కొద్ది వారాలకే మొలకెత్తడమో కుళ్లడమో జరుగుతుంది, కాబట్టి వారానికి సరిపడా కొనాలి. ఎండాకాలం మొదట్లో వచ్చే రబీ గడ్డలు పొర గట్టిపడి, మెడ బాగా ఎండి ఉంటాయి, అవి నెలల తరబడి నిలుస్తాయి. వాటిని గాలి తగిలేచోట పరచాలి, ఆలుగడ్డలతో కలిపి ఒకే బుట్టలో పెట్టకూడదు. బియ్యం కూడా ఏడాదికి ఒకసారి కొనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కర్నూలు సోనాకు పేరు తెచ్చిన బీపీటీ 5204 రకం బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో విడుదలైంది. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పండిన ఆ సన్నబియ్యం కొత్తగా ఉన్నప్పుడు అన్నం ముద్దకడుతుంది కాబట్టి కనీసం ఆరు నెలలు పాతబడ్డ బియ్యం చూసి కొనడమే మంచిది.

నా లెక్కకు ఒక మినహాయింపు ఉంది, అది సొరతీగ. సొరకాయ పిడికెడు వస్తువు కాదు, బజారులో చవకగానే దొరుకుతుంది. అయినా నేను ప్రతి ఏటా ఒక తీగ పెంచుతాను. పందిరి వేస్తే దాని నీడన పుదీనా, బచ్చలి బాగుంటాయి, కింది గదికి కొంత వేడి తగ్గుతుంది, వచ్చిన కాయలు ఇచ్చిపుచ్చుకోవడానికి పనికొస్తాయి. పక్కింటి అక్కావాళ్లకు రంజాన్ నెలలో పుదీనా ఎక్కువ కావాలి. మిద్దె గోడ మీదుగా నేను పుదీనా, సొరకాయ ఇస్తాను, ఆమె తన పెరటి నిమ్మకాయలు, మునగాకు ఇస్తుంది. "పూత నిండా వచ్చింది, ఒక్క పిందె కూడా నిలవలేదమ్మా" అని ఆమె తన బీరతీగ గురించి బాధపడింది. సొర పూలు, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పగటిపూట తిరిగే తేనెటీగలు అప్పటికి గూటికి చేరతాయి, ఊరి నడుమ మిద్దెల మీదికి రాత్రి పురుగులు అంతగా రావు. అందువల్ల మగపువ్వులోని పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే పని పొద్దు వాలాక మనమే చేయాలి. సన్నని కాడ మీద నిలబడ్డది మగపువ్వు, అడుగున చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వును తుంచి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయాలి. పుప్పొడి పట్టిన పిందె కొద్ది రోజుల్లోనే కిందికి వాలి లావెక్కడం మొదలుపెడుతుంది, పట్టనిది పసుపురంగుకు తిరిగి రాలుతుంది. ఆమెకు ఇది చేసి చూపించిన తర్వాత ఆ బీరతీగకు కాయలు నిలిచాయి.

సొర విత్తనం మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో, మొదటి వాన పడ్డాక పెట్టడం మన ప్రాంతానికి సరిపోతుంది. విత్తనాన్ని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మొన కిందికి ఉండేలా అంగుళం లోతున నాటితే వారం, పది రోజుల్లో మొలుస్తుంది. కుండీ చిన్నదైతే కాయ నిలవదు, కనీసం రెండు బక్కెట్ల మట్టి పట్టేది కావాలి. వచ్చే ఏటికి విత్తనం కావాలనుకుంటే తీగ మీది ఒక మంచి కాయను కోయకుండా వదిలేసి, తొక్క చెక్కలా గట్టిపడి, ఊపితే లోపల గింజలు గలగలమన్నప్పుడు పగలగొట్టి తీసుకోవాలి. ఆ గింజలను నీడన ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి కాగితం పొట్లంలో కట్టి, పొట్లం మీద ఏ ఏటివో రాసి పెట్టుకోవాలి. ఒక్క కాయలోని గింజలు మా వీధిలో అడిగినవాళ్లందరికీ పంచినా ఇంకా మిగులుతాయి.