ఎలక్ట్రిక్ కారుకు తాడు కట్టనివ్వకండి

మే నెల రెండో ఆదివారం. మధ్యాహ్నం రెండు కావస్తుండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నారు. మునగాల దాటిన కాసేపటికి కారు స్క్రీన్ మీద ఎర్రగుర్తు వెలిగిందట. బండి మెల్లమెల్లగా నీరసపడి, అల్లుడు ఎలాగో రోడ్డు అంచుకు తీసేసరికి ఆగిపోయిందట. "ఛార్జింగ్ 41 శాతం ఉంది నాన్నా, అయినా కదలట్లేదు" అంది. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోంది.

ముందు పాపను తీసుకుని రెయిలింగ్ అవతలికి వెళ్లి చెట్టు నీడన కూర్చోమన్నాను. హైవే మీద ఆగిపోయిన కారులో మనుషులు కూర్చోకూడదు. డిపోలో ఉండగా అలాంటి చోట్లకు ఎన్నోసార్లు వెళ్లాను, ఆ దృశ్యాలు ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత 1033కి చేయమన్నాను. జాతీయ రహదారుల మీద ఎక్కడైనా పనిచేసే నంబరు అది. పెట్రోలింగ్ వాళ్లు వచ్చి కారు వెనక కోన్లు పెట్టి వెళ్లారు.

నేనుండేది సూర్యాపేటలో. 32 ఏళ్లు బస్సుల డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎలక్ట్రిక్ కారు బాగుచేయడం నాకు రాదు, రాని పనిలో చెయ్యి పెట్టను కూడా. కానీ ఆగిపోయిన బండిని దెబ్బ తగలకుండా ఇంకో చోటికి చేర్చడం నాకు తెలిసిన పని. టూల్ బ్యాగు, మల్టీమీటర్, జంపర్ కేబుళ్లు, రెండు చెక్కపలకలు నా పాత పెట్రోల్ కారులో వేసుకుని బయల్దేరాను.

నేను వెళ్లేసరికే క్రేన్ బండి వచ్చి ఉంది. వెనకాల కొక్కెం వేలాడే రకం. డ్రైవర్ పాతికేళ్ల కుర్రాడు, అప్పటికే తాడు తీసి కారు ముందు వంగి కూర్చున్నాడు. "ఏం గాదు సార్, న్యూట్రల్ చేసి స్టీరింగ్ పట్టుకోండ్రి, కోదాడ దాకా గుంజుకపోత" అన్నాడు. మంచి పిల్లాడే. పెట్రోల్ కార్లను రోజూ అలాగే లాగుతున్నాడు, అవి బాగానే వెళ్తున్నాయి. "తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు. తాడు కట్టకు" అన్నాను.

ఎందుకు కట్టకూడదో అతనికి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నాను.

డిపోలో మాకు ఒక పద్ధతి ఉండేది. దారిలో ఆగిన బస్సును దూరం లాగాలంటే ముందు కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. విప్పకుండా లాగితే చక్రాలు షాఫ్టును తిప్పుతాయి, షాఫ్టు గేర్‌బాక్సును తిప్పుతుంది. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి లోపల కింది షాఫ్టు తిరగదు, ఆయిల్ పైకి చిమ్మదు. పై షాఫ్టు ఆయిల్ లేకుండానే తిరిగి తిరిగి బేరింగులు మాడిపోతాయి. నాలుగు బోల్టులు విప్పడానికి బద్ధకించి గేర్‌బాక్స్ మొత్తం దింపుకోవాల్సి వస్తుంది.

ఎలక్ట్రిక్ కారులో విప్పడానికి ఆ షాఫ్టు లేదు. క్లచ్ లేదు. చక్రానికి, మోటారుకు మధ్య ఉండేది ఒకే వేగానికి అమర్చిన గేర్లు, అవి ఎప్పుడూ కలిసే ఉంటాయి. న్యూట్రల్‌లో పెట్టినా చాలా కార్లలో మోటారు చక్రం నుంచి విడిపోదు, దానికి కరెంటు వెళ్లడం ఆగుతుంది, అంతే. చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది. ఆ మోటారు మధ్యలో బలమైన అయస్కాంతాలు ఉంటాయి. అవి తిరిగితే చుట్టూ ఉన్న తీగచుట్టల్లో కరెంటు పుడుతుంది. మనం ఆపేశామనుకున్న కారు జనరేటర్ అయిపోతుంది. వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, అది ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె) మీద పడుతుంది. చల్లబరిచే పంపు మాత్రం తిరగదు, ఎందుకంటే కారు ఆఫ్‌లో ఉంది. కోదాడ దాకా అలా గుంజుకుపోతే చిన్న రిపేరుతో పోయేది మోటారు, ఇన్వర్టర్ల దాకా వెళ్లొచ్చు. వేడెక్కి కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి మోటారు తిప్పే చక్రాలు నేల మీద దొర్లకూడదు. నెక్సాన్ ఈవీ లాంటి వాటిలో ముందు చక్రాలు తిరిగేది మోటారుతో. మహీంద్రా బీఈ 6లో వెనక చక్రాలు. కొన్నిటికి ముందూ వెనకా రెండు మోటార్లు. ముందు చక్రాలు పైకెత్తి లాగే క్రేన్ మొదటి రకానికి అత్యవసరమైతే పనికొస్తుందేమో గానీ, రోడ్డు మీద నిలబడి ఏ కారు ఏ రకమో తేల్చుకోవడం కంటే నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్‌నే పిలవడం మంచిది. ఎక్కించేటప్పుడు నడక వేగంతో నాలుగైదు మీటర్లు దొర్లితే ఏమీ కాదు. కుర్రాడు అంతా విని "నాకెవ్వరూ చెప్పలే సార్" అన్నాడు. తనే ఎవరికో ఫోన్ చేసి ఫ్లాట్‌బెడ్ మాట్లాడిపెట్టాడు. గంటన్నర పడుతుందన్నారు. మీరు ఫోన్ చేసేటప్పుడు మొదటి మాటగానే "ఎలక్ట్రిక్ కారు, ఫ్లాట్‌బెడ్ పంపండి" అని చెప్పండి. అది చెప్పకపోవడం వల్లే వీళ్లకు కొక్కెం బండి వచ్చింది.

ఆ గంటన్నరలో కారును సిద్ధం చేయాలి. అసలు కష్టం అక్కడే మొదలైంది. కారు లేవడం లేదు.

బటన్ నొక్కితే స్క్రీన్ ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. బానెట్ తెరిచి చిన్న బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టాను. 9.8 వోల్టులు. ఎలక్ట్రిక్ కారు కింద అంత పెద్ద బ్యాటరీ ఉన్నా, తలుపుల తాళాలు, స్క్రీన్, గేరు మార్చేది, హ్యాండ్‌బ్రేక్ వదిలేది, చివరికి ఆ పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు కూడా ఈ 12 వోల్టుల చిన్న బ్యాటరీతోనే నడుస్తాయి. మామూలుగా పెద్దది చిన్నదాన్ని నింపుతూ ఉంటుంది. లోపం వచ్చి పెద్దది తెగిపోయాక ఆ నింపడం ఆగిపోయింది. పాపం వీళ్లకు అది తెలియదు. నాలుగు వైపులా ఇండికేటర్లు వేసి ఉంచారు, పాపకు ఉక్కపోస్తుందని మొదట్లో ఫ్యాను నడిపారు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నారు. రెండు గంటల్లో చిన్న బ్యాటరీ అడుగంటింది.

"ఛార్జింగ్ ఉంది కదా మామయ్యా, గేరు న్యూట్రల్‌లో ఎందుకు పడదు?" అని అల్లుడు అడిగాడు. బస్సులో గాలి లేకపోతే బ్రేకులు వదలనట్టే ఇదీ. ట్యాంకులో గాలి అయిపోతే బస్సు వెనక బ్రేకులు స్ప్రింగు బలంతో పట్టేస్తాయి, బ్రేక్ చాంబర్ దగ్గర బోల్టు తిప్పి స్ప్రింగును వెనక్కి తీస్తే గానీ చక్రం కదలదు. ఇక్కడ గాలి బదులు కరెంటు. "పి" (పార్కింగ్)లో ఉన్నప్పుడు గేరు పళ్ల మధ్యలోకి చిన్న ఇనుప ముక్క దిగి ఉంటుంది, వెనక చక్రాలను హ్యాండ్‌బ్రేక్ పట్టుకుని ఉంటుంది. రెండూ కరెంటు వస్తేనే వదులుతాయి. అలాగే బలవంతంగా లాగితే టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి, ఆ ఇనుప ముక్క విరుగుతుంది.

గ్లవ్‌బాక్స్‌లో మాన్యువల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. విప్పి చివరి అధ్యాయం తీశాను. మీ కారుదీ ఇవాళే తీసి చూడండి, పది నిమిషాల పని. బయటి నుంచి బూస్టర్ (ఇంకో బండి బ్యాటరీ కరెంటు) ఇవ్వొచ్చో లేదో, ఎక్కడ ఇవ్వాలో, కారు ఆఫ్ అయ్యాక న్యూట్రల్‌లో ఎలా నిలబెట్టాలో అందులోనే ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మా రెండోవాడు డల్లాస్‌లో ఉంటాడు. వాడి టెస్లాలో అయితే స్క్రీన్ మీద సర్వీస్ మెనూలోకి వెళ్లి, టోయింగ్ అని ఉన్నచోట ట్రాన్స్‌పోర్ట్ మోడ్ నొక్కాలట, బ్రేక్ మీద కాలు తీయకుండా. దానికీ చిన్న బ్యాటరీలో ప్రాణం ఉండాల్సిందే.

కేబుల్ పెట్టేముందు రెండు పెద్ద రాళ్లు తెచ్చి వెనక చక్రాలకు అడ్డం వేశాను. న్యూట్రల్ పడిన క్షణంలో బండి ఎటు జారుతుందో ఎవరూ చెప్పలేరు. తర్వాత నా కారును దగ్గరికి తెచ్చి, ఎరుపు కేబుల్ ప్లస్‌కు, నలుపు కేబుల్ మాన్యువల్‌లో చూపించిన బోల్టుకు తగిలించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచాను. ఇరవై నిమిషాలు ఓపిగ్గా కూర్చున్నాం. ఈలోగా ఇండికేటర్లు ఆపేశాం, కోన్లు ఎలాగూ ఉన్నాయి. నారింజ రంగు కేబుళ్లు ఎక్కడ కనిపించినా చెయ్యి పెట్టొద్దని అల్లుడికి చెప్పాను. హైవోల్టేజీ వాటిలోనే ఉంటుంది.

ఆ సమయంలో టో హుక్ (లాగే తాడు తగిలించే కొక్కెం) బిగించాం. బూట్‌లో కార్పెట్ కింద టూల్ కిట్‌లో ఉంది. ముందు బంపర్‌కు కుడి పక్కన అరచేతిలో సగం ఉండే చతురస్రపు మూత, దాన్ని ఒక మూల నొక్కితే రెండో మూల లేచింది. లోపల మరల రంధ్రం. అల్లుడు హుక్ తిప్పుతున్నాడు, పట్టడం లేదు. "ఎడమకు తిప్పండి అల్లుడుగారూ" అన్నాను. ఈ కారుకు మరలు ఎడమ చేతివి. చేత్తో పట్టినంత తిప్పి, ఆ మీద స్పానర్ హుక్ కన్నంలో దూర్చి చివరిదాకా బిగించాం. సగం పట్టిన హుక్ మీద ఒకటిన్నర టన్నుల బరువు పడితే అది ఊడి బుల్లెట్‌లా వస్తుంది. అందుకే లాగేటప్పుడు ఎవరూ ఆ తాడుకు ఎదురుగా నిలబడకూడదు.

నాలుగు వైపులా ఫోటోలు, మీటర్ రీడింగు, ఛార్జింగ్ శాతం ఫోన్‌లో తీయించాను. పాప బ్యాగు, పాల సీసాలు అన్నీ నా కారులోకి మార్చాం.

ఫ్లాట్‌బెడ్ వచ్చింది. బ్రేక్ నొక్కి న్యూట్రల్ వేస్తే టక్ మని ఒక శబ్దం, ఆ వెంటనే హ్యాండ్‌బ్రేక్ మోటారు చప్పుడు. స్క్రీన్ మీద "ఎన్" పడింది. ఎర్రగుర్తు అలాగే ఉంది, దాంతో మాకు పని లేదు. ఆ కారులో తలుపు తీస్తే దానంతట అదే "పి"లోకి వెళ్తుంది. అందుకని అల్లుణ్ని లోపలే కూర్చోబెట్టి, బ్రేక్ మీద కాలు ఉంచుకొమ్మని, నేను రాళ్లు తీశాను. ఫ్లాట్‌బెడ్ మీది వించి (తాడు చుట్టి లాగే యంత్రం) తాడు బిగుసుకున్నాక బ్రేక్ వదలమన్నాను. బెత్తెడు బెత్తెడు చొప్పున కారు ముందుకు జరుగుతోంది. ర్యాంప్ మొదట్లో బంపర్ కింది అంచుకు, ఇనుప రేకుకు మధ్య రెండు వేళ్లు కూడా పట్టని సందు మిగిలింది. చెయ్యెత్తి ఆపించాను. తెచ్చిన చెక్కపలకలు ర్యాంప్ మొదట్లో చక్రాల దారిలో పరిచి మళ్లీ లాగిస్తే వాలు తగ్గి సాఫీగా ఎక్కేసింది.

పైకెక్కాక "పి"లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేశాం. డ్రైవర్ గొలుసు పట్టుకుని కిందికి వంగాడు, సస్పెన్షన్ ఆర్మ్‌కు తగిలిద్దామని. వద్దన్నాను. కారు అడుగంతా బ్యాటరీ పెట్టె. దాని రేకుకు గొలుసు ఒరుసుకున్నా, కొక్కెం జారి తగిలినా పైకి కనిపించని దెబ్బ మిగిలిపోతుంది. జాకీ కూడా ఆ పెట్టె కింద ఎన్నడూ పెట్టకూడదు. అతని దగ్గర టైర్ల మీదుగా వేసే బెల్టులు ఉన్నాయి, నాలుగు చక్రాలకూ నాలుగు కట్టాం. కోదాడలో ఒకసారి ఆపి బిగింపు చూసుకొమ్మని చెప్పాను, మొదటి కొన్ని కిలోమీటర్లలో బెల్టులు కాస్త వదులవుతాయి. నేను అడ్డం వేసిన రాళ్లు రెండూ రోడ్డు పక్క పొదల్లోకి విసిరేశాను. రాళ్లు అలాగే వదిలేసి వెళ్లేవాళ్లను చూస్తే నాకు చాలా కోపం. రాత్రి పూట బైకు మీద వచ్చేవాడికి అవి కనపడవు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. నేను బూస్టర్ ఇచ్చి లేపింది పొడిగా ఉన్న కారును. నీళ్లలో మునిగిన కారైతే ఈ పని అస్సలు చేయకూడదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, ఇటు మున్నేరు ఖమ్మంలోకి వచ్చినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో అందరం చూశాం. అలాంటి ఎలక్ట్రిక్ కారును ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, బానెట్ తెరవొద్దు. బ్యాటరీ పెట్టెలోకి నీళ్లు వెళ్లి ఉంటే రోజుల తర్వాత కూడా మంట లేవొచ్చు. బండెక్కించే వాళ్లకు "ఇది మునిగిన కారు" అని ముందే చెప్పాలి. చక్రాల కింద రోలర్లు పెట్టి ఎక్కిస్తారు. దించాక ఇంటి గోడకో, షెడ్డులోనో పెట్టకుండా, చుట్టూ 50 అడుగుల దాకా ఇల్లూ బండీ లేని ఆరుబయట పెట్టించాలి.

అమ్మాయిని, పాపను నేను సూర్యాపేటకు తీసుకొచ్చేశాను. అల్లుడు ఫ్లాట్‌బెడ్ క్యాబిన్‌లోనే విజయవాడ వెళ్లాడు. బయల్దేరేముందు ఒకటే చెప్పాను: "దించేటప్పుడు మళ్లీ న్యూట్రల్ కావాలి. దారిలో కారు తలుపు తీయకండి, యాప్‌లో తెరిచి చూడకండి, లైట్లు వేయకండి. నేను ఎక్కించిన కరెంటు దానికే మిగలాలి."

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు. బ్రేక్ నొక్కగానే "ఎన్" పడిందట.